కరవుసీమలో నొంటికాపురము

గుంటూరు దాటిన రైలు నల్లమల యడవిలో ప్రవేశించి, దిగువమెట్ట గాజులపల్లెల నడుమ కొండలను తొలిచిన దారిలో దూరి, ఆవలి ప్రక్కకు వచ్చునప్పటికి దేశమే మారిపోవును. నంద్యాల చుట్టుప్రక్కల నల్లరేగడి కొంతదూరము కన్నులను ఓదార్చును గాని, గుంతకల్లు చేరి గుత్తి మీదుగా దక్షిణమునకు దిగునప్పటికి ఎఱ్ఱనేల, బోడిగుట్టలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండలు, అచ్చటచ్చట నొక తుమ్మచెట్టు, దాని నీడ చాలక ఒదిగి నిలుచున్న మేకలమంద, ఇంతే. నేను కృష్ణకాలువ గట్టున పుట్టి పెరిగినదానను. ముప్పదిరెండవ యేట బ్యాంకువారు నన్ను అనంతపురమునకు మార్చువఱకు ఇట్టి నేలను చూచి యెఱుగను. పెండ్లి కాలేదు. వెంట వచ్చువారు లేరు. ఒక పెట్టెయు, ఒక పరుపుచుట్టయు, వంటసామాను మూటయు గొని యీ యూర దిగి ఆఱేండ్లైనది. ఈ యాఱేండ్లలో ఈ సీమను చూచితిని. ఈ సీమలో నుండి నన్ను నేను కొంత చూచుకొంటిని. ఆ రెంటిని గూర్చియు సోదరీమణులతో ముచ్చటింప వలెనని యున్నది.

మొదటి వారమున అద్దెయిల్లు వెదకుట నా యుద్యోగముకంటె కష్టమైనది. "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని ప్రతి గడపయొద్దను మొదటి ప్రశ్న. లేడనిన, "ఎప్పుడొస్తారు?" అని రెండవది. పెండ్లి కాలేదని చెప్పిన పిమ్మట మూడవ ప్రశ్న యుండదు. ఆ గది యింకెవరికో మాట యిచ్చిన సంగతి వారికి అప్పుడే జ్ఞాపకము వచ్చును. అయిదిండ్లు ఇట్లు దాటినవి. ఆఱవ యింటి యజమానురాలు డెబ్బదియేండ్ల అవ్వ, ఏకాకిని. ఆమె నన్ను పెనిమిటి మాటయే యడుగలేదు. "మిద్దె మీద గది. కొళాయి నీళ్లు దినం మార్చి దినం వస్తాయి. తెల్లారుజామున లేసి బిందెలు పట్టుకోవల్ల. పట్టుకుంటావా?" అన్నది. పట్టుకొందు నంటిని. "అట్లయితే రా పాపా" అన్నది. నా జీవితమున నన్నొకరు పరీక్షించి వెంటనే ఒప్పుకొన్నది ఆ యొక్క పర్యాయమే.

నీటిమాట ముందు వచ్చుటకు కారణము కలదు. ఈ పీఠభూమికి రెండు ఋతుపవనములును సవతితల్లులే. నైరృతి మేఘములు పడమటికనుమల మీదనే చాలవఱకు కురిసి తేలికపడి యిటు వచ్చును. ఈశాన్యపు వానలు సముద్రతీరమున విరివిగా కురిసి, ఇంతదూరము వచ్చుసరికి అలసిపోవును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మా కృష్ణాజిల్లాలో పడునది దాదాపు దీనికి రెట్టింపు. ఆ కొంచెమైనను వేళకు పడునా యన్న, పడదు. జూనులో నాలుగు చినుకులు రాల్చి ఆశపెట్టి, జూలై ఆగష్టులలో మొగము చాటుచేసి, పైరు మాడిన పిదప చెఱువులు తెగునట్లు కురిసిన యేండ్లు కలవు. 1876 మొదలు 1878 వఱకు నడచిన ధాతుకరవు సంగతి తమ పెద్దలనుండి విన్నది తామే చూచినట్లు చెప్పు ముసలివారు ఇప్పటికిని కన్పట్టుదురు. పెన్న యీ సీమలోనుండియే పోవును గాని, సంవత్సరములో పెక్కునెలలు అది నది గాదు, ఇసుకబాట. ఇచ్చటి తరిమెల గ్రామమున జన్మించిన విద్వాన్ విశ్వముగారు "పెన్నేటిపాట" యను కావ్యము వ్రాసిరి. దానిని చదివిన సోదరీమణులకు ఈ యిసుకను నేను వేఱుగా వర్ణింప నక్కఱలేదు.

నా యుద్యోగము బంగారపు అప్పుల బల్లయొద్ద. తొలకరి పడగానే మా బ్యాంకు ముందు బారులు తీరును. వేరుసెనగ విత్తనము కొనవలెను, ఎరువు కొనవలెను, దున్నకపు కూలి ఇయ్యవలెను. అన్నిటికిని ఒకే వారములో డబ్బు కావలెను. ఏలనన, వాన పడిన పిమ్మట నేలలో పదునుండు దినములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ఆ దినములు దాటినచో విత్తనము చేతనుండియు ప్రయోజనము లేదు. కావున స్త్రీలు కొంగుముడి విప్పి కమ్మలు, గాజులు, గొలుసులు బల్లమీద పెట్టుదురు. మెడలోని బంగారుగొలుసు తీసి యిచ్చి, తాళిబిళ్లలను పసుపుత్రాటికి గ్రుచ్చుకొని వచ్చినవారే ఎక్కువ. తాళిబిళ్లలును ఇచ్చివేసి, పసుపుకొమ్ము కట్టుకొని నిలిచినవారినిగూడ చూచితిని. తూనికవాడు గీటురాయిమీద గీచి, త్రాసులో పెట్టి, తులముల లెక్క చెప్పును. నేను చీటి వ్రాసి, సంచికి లక్క వేసి ముద్ర కొట్టి లోపలి ఇనుపగదికి పంపుదును. ఒక సీమలోని స్త్రీల సౌభాగ్యచిహ్నములన్నియు విత్తుటకు ముందు నా చేతులమీదుగా లోనికి పోవును. కోతలైన పిదప, పండిన యేట మాత్రము, తిరిగి వెలికి వచ్చును.

రెండవ యేట ఒకామె వచ్చినది. నా యీడుదే. రెండు గాజులు బల్లమీద పెట్టి, నా మెడవంక తేఱి చూచి, "మీకు మెడలో ఏమీ లేదే మేడం?" అన్నది. పెండ్లి కాలేదంటిని. ఇచ్చట సాధారణముగా "అయ్యో" అందురు. ఆమె అనలేదు. కొంచెము ఆలోచించి, "అట్లయితే మీ బంగారు ఎవురు తాకట్టు పెడతారు?" అన్నది. ఎవరును పెట్టరు, మా యమ్మ పెట్టెలో నున్నది, అంటిని. "ఊరికేనే?" అన్నది.

ఆ "ఊరికేనే" యను మాట నన్ను చాల దినములు వెంటాడినది. మా యమ్మ నా పెండ్లికని నా పదునైదవ యేటినుండి కూడబెట్టిన పదునెనిమిది కాసుల బంగారము ఒక గుడ్డమూటలో, ఇరువదియేండ్లకు పైగా, ఊరికే యున్నది. నా తరపున మఱియేమేమి ఊరికే యున్నదో యని లెక్కవేసికొంటిని. పెండ్లైన పిమ్మట కొందమని కొనక మానిన మంచము, పెండ్లైన పిమ్మట చూతమని వాయిదా వేసిన హంపీ, పెండ్లైన పిమ్మట ఏ యూరనుందుమో యని నేర్చుకొనక విడిచిన కన్నడము. అన్నియు చిన్నవే. కలిపి చూచినచో నాకు తెలియకయే ఒక గది నిండినది.

అటు తరువాత నేనా గాజుల యామె యూరికి పంట తనిఖీకి పోయితిని. ఆమె భర్త బెంగుళూరున కట్టడపు పనులకు పోయి యెనిమిది నెలలైనది. నేలను జానెడు లోతు చేతితో త్రవ్వి, మట్టిని ముద్దచేసి, పదును చాలునో చాలదో చెప్పునది ఆమె. వేరుసెనగ నడుమ కందిసాళ్లు ఎన్ని యుండవలెనో తేల్చునది ఆమె. పిల్లల బడి, అత్త కంటిజబ్బు, బోరు ఎండినప్పటి తగవు, అన్నియు ఆమెవే. "పేరుకు ఆయప్ప ఉండాడు మేడం. సేద్యం నాదే. రాత్రి ఇంట్లో నేనూ, మా అత్తా" అని నవ్వినది. మెడలో పసుపుత్రాడున్న ఆమెయు, ఏమియు లేని నేనును, ఇద్దరము రాత్రి గడియ పెట్టుకొనుట యొకే తీరు. అయినను లోకము ఆమెను ఇల్లాలనును, నన్ను ఒంటరి యనును.

ఒంటరి మహిళ యనునది ఇప్పుడు ప్రభుత్వపు మాటయు నైనది. మన రాష్ట్రమున నెలనెలయు నిచ్చు భరోసా పింఛనులలో వృద్ధులకు, వితంతువులకు వలెనే ఒంటరి మహిళలకును ఒక వరుస కలదు. 2024 జూలై నుండి ఆ పింఛను నెలకు 4,000 రూపాయలు. మగడు విడిచినదియు, పెండ్లియే కానిదియు ఆ వరుసలోనే నిలుతురు. దిక్కులేనివారికి ఆ సొమ్ము ఎంత యాధారమో బ్యాంకులో దినదినము చూచుదానను కావున ఆ వరుసను నేను తప్పుపట్టను. 2011 జనగణనము ప్రకారము భర్త లేని వయోజన స్త్రీలు, అన్ని విధములవారును కలిసి, దేశమున ఏడుకోట్లకు మించియుండిరి. 2001లో అయిదుకోట్ల చిల్లర. ఇందఱిని ఒక్క మాటలో ఇముడ్చుట కష్టమే. నాకు వింతగా తోచునది, ఒంటరి పురుషుడను వరుస ఆ పింఛనులలో లేకపోవుట.

అట్టి పురుషుడొకడు ఈ యూరనే యుండెను. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీవారికి దత్తము చేసినప్పుడు వీనికి ముఖ్య కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో అనంతపురము ముఖ్యస్థానముగా 1807 వఱకు పనిచేసెను. వచ్చునాటికి ముప్పదితొమ్మిదేండ్లవాడు, అవివాహితుడు. గుఱ్ఱముమీద పల్లెపల్లె తిరిగి, డేరాలలో కాపురముండి, చెల్లెలికి సుదీర్ఘములైన లేఖలు వ్రాయుచుండెడివాడు. వివాహమైనది 1814లో, ఏబదిరెండవ యేట. 1827లో పత్తికొండలో కలరా తగిలి చనిపోగా మొదట గుత్తిలోనే పాతిపెట్టిరి. ఈ దేశపు రైతులు ఆయనను మన్రోలప్ప యని దేవునివలె తలచుకొనిరి, బిడ్డలకు ఆ పేరు పెట్టుకొనిరి. ఆ యేడేండ్లును ఆయన ఒంటరి యని జాలిపడినవారున్నట్లు నేనెందును చదువలేదు. గుత్తికోట యెక్కి దిగునపుడు నాకు మాత్రము, ఆయనకు అద్దెయిల్లు ఇచ్చుటకు ఎవరును వెనుదీసి యుండరుగదా యని నవ్వు వచ్చినది.

పెండ్లిలేని స్త్రీ యీ సీమకు క్రొత్త యని తలపరాదు. రాయదుర్గము, కళ్యాణదుర్గము ప్రాంతములందును, ఆవలి బళ్లారి దేశమందును, మగబిడ్డ లేని తలిదండ్రులు ఒక కూతును దేవతకు సమర్పించి బసివిగా నిలుపుకొను ఆచారముండెడిది. బసివికి పెండ్లి లేదు. ఆమె పుట్టినింటనే యుండి, కొడుకువలె ఆస్తికి హక్కుదారై, తలిదండ్రులకు కొడుకు చేయవలసినవి చేసెడిది. ఆమె బిడ్డలకు తాతయింటి పేరే. ఈ మాత్రము విన్నవారికి అదియొక స్వాతంత్ర్యమువలె తోచవచ్చును. కాని ఆ పిల్లను అడిగి సమర్పించినవారు లేరు. ఆమె దేహముమీద ఊరికి గల హక్కును ఏ దేవతయు మాన్పలేదు. 1988లో చట్టము చేసి ఈ సమర్పణమును నిషేధించిరి. మంచిపని. పెండ్లాడుమని చెప్పుటయు, పెండ్లి వలదని చెప్పుటయు ఆమె నోటినుండి తప్ప అందఱి నోళ్లనుండియు వచ్చినది గదా.

కదిరి దగ్గఱ తిమ్మమ్మ మఱ్ఱిమానును మా అవ్వతో కలిసి చూచి వచ్చితిని. ఒక్కటే చెట్టు, సుమారు అయిదెకరముల నేలను కప్పినది. ఊడలు దిగి మ్రాకులై, ఏది తల్లి మొదలో తెలియనట్లున్నది. 1989లో ప్రపంచపు రికార్డులలో దీని పేరెక్కినది. పదునైదవ శతాబ్దమున తిమ్మమ్మ యను ఇల్లాలు భర్తతో సహగమనము చేయగా ఆ చితికి పాతిన గుంజయే చిగిర్చి యిట్లైనదని కథ. సంతానము లేని దంపతులు వచ్చి మ్రొక్కుకొందురు. అవ్వ చేతులెత్తి మ్రొక్కి, ఊడలనీడలో కూర్చుండి కాళ్లు చాపుకొని, "మా ఇంటాయన పోయినప్పుడు నాకు ముప్పై. చెట్టయ్యేదానికి నాకు తీరిక యాడుండింది? ఇద్దరు బిడ్డలు, మూడు ఎనుములు" అన్నది. ఆ నీడ చల్లగా నున్నది. ఆ కథ చల్లగా లేదు. రెండును నిజమే.

ఇంత చెప్పి, ఒంటికాపురము సుఖమని నేను చాటుచున్నట్లు తలపవలదు. పండుగనాడు ఒక్కదానికై బొబ్బట్లు చేయుటకు చేతులాడవు. మూడవ యేట వర్షకాలమున డెంగూ జ్వరము వచ్చి ప్లేటులెట్లు పడిపోగా ఒక ఆసుపత్రిలో చేర్చిరి. అచ్చటి కాగితములో "భర్త లేక తండ్రి" యను గడి కలదు. మా నాన్నగారు గతించిరి. గుమాస్తా కలము పట్టుకొని, సంతకము చేయు బంధువు కావలె ననుచున్నాడు. నాకు గోడలు తిరుగుచున్నవి. అవ్వ ముందుకు వచ్చి వేలిముద్ర వేసినది. "ఏమవుతావు?" అని అతడడిగెను. "రాసుకో, అవ్వ" అన్నది. అతడు వ్రాసికొన్నాడు. ఆ రాత్రి, రక్తసంబంధమో, మూడుముళ్లో లేనిచో మనిషి కాగితముమీద నిలువజాలదా యని ఏడ్చితిని. అవ్వ మఱుసటి యుదయమున గంజి తెచ్చి, ఏడ్చిన సంగతి కనిపెట్టియు అడుగలేదు.

ఆ జ్వరము తగ్గిన పిమ్మటనే నేను మా పిన్నికూతురు మాటకు ఒప్పుకొని, ఫోనులో సంబంధములు చూపువారి పట్టికలో నా పేరు వ్రాయించితిని. బెంగుళూరున ఉద్యోగము చేయు నొకాయన, నలుబదియేండ్లవాడు, మన తెలుగువాడే, పరిచయమైనాడు. ఇట్టి పరిచయమును ఈనాటివారు డేటింగు అందురు. పెద్దలు వినినచో ఉలికిపడు మాట. చూడబోయిన, మా తల్లుల కాలపు పెండ్లిచూపులకును దీనికిని భేదము స్వల్పమే. అచ్చట ఇరువదిమంది నడుమ అరగంట. ఇచ్చట ఇద్దఱి నడుమ ఇరువది వారములు. వంట వచ్చునా, జీతమెంత, ఉద్యోగము మానుదువా యను ప్రశ్నలు మాత్రము మాఱలేదు. కొంచెము ఆలస్యముగా, కొంచెము మర్యాదగా వచ్చును.

ఇద్దఱికిని దాదాపు సమదూరమని లేపాక్షిలో కలిసికొనెడివారము. 2022 ఏప్రిలులో జిల్లాలు విభజించినప్పుడు లేపాక్షి, హిందూపురము, పెనుగొండ, కదిరి, ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినవి గాని, నేల యంతయు నొక్కటే. ఊరి మొగదలనే ఒక్క రాతిలో తొలిచిన బసవన్న, ఇరువదియేడడుగుల పొడవు, పదునైదడుగుల యెత్తు, మెడలో గంటల పేరులతో మోర యెత్తి కూర్చుండును. విజయనగరమును అచ్యుతదేవరాయలు ఏలుచుండగా, పెనుగొండలో కోశాధికారి యైన విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయము లోపల, పడమటి దిక్కున, కల్యాణమండపము కలదు. శివపార్వతుల వివాహమునకై తలపెట్టినది. స్తంభములమీద పెండ్లికి వచ్చిన దిక్పాలకులు, ఋషులు, బ్రహ్మ, అందఱును తీర్చిదిద్దినట్లు నిలిచియున్నారు. పైకప్పు లేదు. విరూపణ్ణ రాజధనము వెచ్చించెనని నింద వచ్చి, తన కన్నులు తానే పెఱికికొనెననియు, అప్పటినుండి పని నిలిచిపోయిన దనియు చెప్పుదురు. గోడమీద ఎఱ్ఱని మఱకలు చూపుదురు. కథ యెంతవఱకు నిజమో గాని, ఐదువందల యేండ్లకు దగ్గఱగా ఆ యతిథులు ముహూర్తము కొఱకు నిలుచునే యున్నారు.

ప్రక్కనే లతామండపము. స్తంభమునకొక లతగా, ఒకదానినిబోలిన దొకటి లేక, చీర అంచులకు నేతగాండ్రు తీసికొనిపోయిన నమూనాలన్నియు అచ్చట నున్నవి. నేనవి చూచుచుండగా ఆయన కల్యాణమండపమువంక తిరిగి, "పూర్తిచేసి ఉంటే ఎంత బాగుండేదో!" అన్నాడు. ఎవరైనను అనెడి మాటయే. అప్పుడు మండపము నడుమ ఎనమండ్రుగురు పల్లెటూరి స్త్రీలు కూర్చుండి, స్తంభము నీడ జరిగినకొలది తామును జరుగుచు, చిత్రాన్నము మూటలు విప్పి తినుచున్నారు. ఒకతె పిల్లవానికి పార్వతీదేవి పాదములయొద్ద పాలిచ్చుచున్నది. పైన ఆకాశము. నా కచ్చట కొఱత యేమియు కనబడలేదు. ఆ సంగతి ఆయనతో చెప్పితిని. ఆయన మర్యాదకు తల యూపినాడు.

ఆయన మంచివాడు. అబద్ధమాడలేదు, కట్నమాట యెత్తలేదు, నా వయస్సును గూర్చి నొచ్చు మాట పలుకలేదు. ఆయనతో మాటలాడిన సాయంకాలములు నాకు నచ్చినవి. ఆ మాట దాచుటకేమి? ఆదివారము వచ్చుచున్నదనిన శనివారమే తలకు పోసికొనెడిదానను. అయిదవ పర్యాయము కలిసినప్పుడు, "బెంగుళూరుకు బదిలీ పెట్టుకోవచ్చుగదా. కుదరకపోతే మానెయ్యవచ్చు. అనంతపురంలో ఏముంది?" అన్నాడు. ఏమున్నదో వెంటనే చెప్పలేకపోయితిని. చెప్పుటకు తొలకరి బారులు, అవ్వ, గాజుల యామె చేను, తెల్లవారుజామున మిద్దెమీదికి వినవచ్చు బిందెల చప్పుడు, ఇవి యొక మాటలో ఇమిడెడివి కావు. బదులుగా, "మీరే అనంతపురము రాగలరా? మూడు నాలుగు గంటల ప్రయాణమే గదా" అని యడిగితిని. ఆయన నవ్వినాడు. ఎగతాళి నవ్వు గాదు. ఆ ఆలోచన తన కెన్నడును తట్టలేదు గనుక వచ్చిన నవ్వు. ఆ నవ్వు విన్న పిదప నేను బస్సెక్కి, పెనుగొండ కొండలు దాటువఱకు కిటికీలోనుండి చూచుచు కూర్చుంటిని.

తగవులాడుకొనలేదు. మాటలు పలుచబడినవి, అంతే. నాలుగు నెలలకు ఆయన తనకు నిశ్చయతాంబూలము లైనవని వ్రాసినాడు. శుభము కోరి జవాబిచ్చితిని. నాకు నొప్పి యెచ్చట కలిగినదో ఆ రాత్రి తఱచి చూచుకొంటిని. ఆయన లేకపోవుట కొంత. అంతకంటె నెక్కువ, ఈ సంగతి మా యమ్మకు ఫోనులో ఏమని చెప్పుదునను సిగ్గు. మఱియొక కొంత, పెద్దదే, శనివారపు తలంటి పోసికొనుటకు కారణము పోయెనే యని. ఆ మూడవదానికి మందు నా చేతిలోనే యున్నది. ఇప్పటికిని శనివారము పోసికొందును.

ఆ నెల జీతము రాగానే ధర్మవరము పోయి పట్టుచీర కొంటిని. ధర్మవరము ఊరంతయు మగ్గముల చప్పుడు. ఇంటింట గుంత తీసి మగ్గము దింపి, మగవారు నేయుచుండ ఆడవారు రాట్నమున పట్టుదారము చుట్టుచుందురు. చుట్టువారి కూలి నేతవారి కూలితో పోల్చరానంత కొంచెమని ఒకామె నాతో అన్నది. ఆ మాట వేఱొక వ్యాసమునకు తగినది. అంగడివాడు అరటిపూవన్నె చీర పఱచి, "పెండ్లికూతురు మీకేమవుతుందమ్మా?" అని యడిగినాడు. "నాకే" అంటిని. అతడు వెంటనే నాకు పెండ్లనుకొని శుభాకాంక్షలు చెప్పి, రెండువందలు తగ్గించినాడు. నేను కాదనలేదు.

అవ్వయింటికి రెండు వీధుల ఆవల ఒక చిన్న యిల్లు అమ్మకమునకు వచ్చినది. రెండు గదులు, ముందొక వేపచెట్టు. బ్యాంకు ఋణము పోను చేతినుండి కట్టవలసిన సొమ్మునకు కొంత కొఱవడినది. నాకు గాజుల యామె "ఊరికేనే?" జ్ఞాపకము వచ్చినది. మా యమ్మకు ఫోను చేసి బంగారము అడిగితిని. ఆమె చాలసేపు పలుకలేదు. "దేనికని అడుగుతున్నావో తెలుస్తోందా నీకు?" అన్నది. తెలిసియే అడిగితి నంటిని. ఫోను పెట్టివేసినది. పదిదినములు మాటలేదు. పదునొకండవ దినమున, చెప్పక చేయక, సంచి ఒడిలో పెట్టుకొని రైలు దిగినది.

ఆమెను నేరుగా ఇల్లు చూపుటకు తీసికొనిపోలేదు. జీడిపల్లి జలాశయమునకు తీసికొనిపోయితిని. శ్రీశైలము నీటిని హంద్రీ-నీవా పథకమున మెట్టుమెట్టుగా పంపులతో ఎత్తి, ఇంతదూరము తెచ్చి 2012లో ఇచ్చట పోసిరి. ఎఱ్ఱగుట్టల నడుమ నీలముగా నిండియున్న నీటిని చూచి అమ్మ గట్టుమీద కూర్చున్నది. "ఏ నది ఇది?" అన్నది. "మన కృష్ణయే నమ్మా" అంటిని. నమ్మలేదు. దిగి, దోసిలి ముంచి, మోము కడుగుకొని, "ఇంత మిట్టకు ఎట్లా ఎక్కిందే!" అన్నది. ఎక్కించిరి, కరెంటు ఖర్చు చాల, చివరి పొలములకు ఇంకను చాలదు, అని నేను బ్యాంకు ధోరణిలో లెక్కలు చెప్పబోతిని. ఆమె వినలేదు.

ఆ రాత్రి మిద్దెమీద చాప పఱచి, సంచిలోని గుడ్డమూట విప్పినది. అవ్వయు వచ్చి కూర్చున్నది. అమ్మ ఒక్కొక్క నగ తీసి చాపమీద పెట్టుచు, "ఇది స్నాతకానికని చేయించాను. ఇది తలంబ్రాలవేళకు. ఇది నీ అత్తగారు అడిగితే ఉండాలని" అనుచున్నది. అవ్వ ప్రతిదానిని చేతిలోనికి తీసికొని బరువు చూచి, "రెండు తులాలుంటుంది" "ఇది మూడు" అని తులములలో చెప్పుచున్నది. అమ్మ కాసులలో దిద్దుచున్నది. కొంతసేపటికి ఇద్దఱును లెక్కలో పడి, నన్ను మఱచిపోయిరి. మూట యంతయు అయిన పిదప అమ్మ అడిగినది: "అమ్ముతావా?"

"అమ్మను. మా బ్యాంకులోనే తాకట్టు పెట్టెదను. నాలుగేండ్లలో విడిపించెదను."

అమ్మ గుడ్డను మడిచి, దాని అంచులు సరిచేసి, పక్కన పెట్టినది. క్రిందివీధిలో ఎవరో బిందెలు జరుపుకొనుచున్నారు. రేపు నీళ్లు వచ్చు దినము.

"ఆ ఇంట్లో మంచినీళ్లు రోజూ వస్తాయా, లేక అక్కడా దినం మార్చి దినమేనా?" అన్నది.